రాణెమ్మ ఇచ్చిన ఉంగరం

"అవ్వా, మీ అమ్మకు ఎవరో రాణి ఉంగరం ఇచ్చిందంట కదా, నిజమేనా?"

ఎవరు చెప్పిరి నీకు? మీ నాయనేనా? వానికి తెలిసింది సగమేలే. నిజమేనమ్మా. సూడనీకి పెద్ద ఉంగరం గూడా కాదు. పైన ఎర్రరాయి. దాని పక్కన గోరు పెట్టి ఎత్తితే మూత మాదిరి తెరుసుకుంటాండె. లోపల కందిబద్దంత జాగాలో ఒక పిల్లోని మొగం గీసి ఉండె. పోటో కాదు, బొమ్మ. ముందర రెండు పండ్లు గూడా కనపడతాండె.

అప్పుడు మేము పరగోడులో ఉంటిమి. రెండేండ్లు వానల్లేవు. ఇంట్లో సంగటి ఒక పూటే. నాకు ఐదేండ్లు, తమ్మునికి మూడు నెలలు. వాని పేరు... పేరింకా పెట్టలేదు, సిన్నోడా అంటాంటిమి. బెంగళూరులో ఒక రాజులింట్లో బిడ్డ పుట్టినాడంట, రాణెమ్మకు పాలు పడలేదంట, పాలిచ్చే మనిషి కావల్లంట అని మా ఊరి శానుభోగులు వచ్చి చెప్పె. ఊరి లెక్కలు రాసే ఆయప్పలే. మన బిడ్డను మాత్రం తోడుకొని రాకూడదనిరంట. మా నాయన సరే అనె. అమ్మను అడిగినోళ్ళు లేరు.

అమ్మను గౌరిబిదనూరులో రైలెక్కిస్తిమి. నేనూ ఆడిదాకా పోయింటి. అమ్మ రవిక పాలతో తడిసిపోయిండె, కొంగు కప్పుకొని కూసునె.

తమ్మునికి మేకపాలు పోస్తిమి. పడలేదు. బేదులు పట్టుకొని, అమ్మ రైలెక్కిన రెండో నెల్లోనే పోయినాడు. మా జేజి, అదే మా నాయనోళ్ళమ్మ, అమ్మకు జాబు రాపిద్దామనె. శానుభోగులు వద్దనె. "ఆయమ్మకు తెలిస్తే పాలు ఎండిపోతాయి, ఆ బిడ్డ గతేమి?" అనె. మా నాయన జాబు రాపించలేదు.

ఒకటిన్నర ఏడాదికి అమ్మ వచ్చె. రైల్లో... కాదు కాదు, వచ్చేటప్పుడు చిక్కబళ్ళాపురం మీద బస్సులో వచ్చె. బాగేపల్లి దాకా బస్సు, ఆడ్నుంచి నడక. చేతిలో సిన్న పట్టు సొక్కా, తమ్మునికని. గడపలో నిలబడి "సిన్నోడు యాడ? నడుస్తాండాడా?" అనె. జేజి కొంగు నోట్లో కుక్కుకునె. అమ్మ అందరి మొగాలూ సూసె. ఆ సొక్కాను మడిసి మడిసి గుప్పిట్లో పట్టేంత చేసి, అట్లే కూలబడె.

ఆ ఉంగరం, అమ్మను పంపించేటప్పుడు రాణెమ్మే యేలికి తొడిగిందంట, "నువ్వు సాకిన బిడ్డ, మర్సిపోవద్దు" అని. తలంటుకునేటప్పుడు తప్ప అమ్మ దాన్ని తీసేది కాదు. సేన్లో కలుపు తీస్తా తీస్తా నిలిసిపోయి, మూత తెరిసి సూస్తాండె. నాకు ఒళ్ళు మండేది. మా తమ్ముని పాలు తాగినోడు కదా వాడు. నాకు పన్నెండేండ్లప్పుడు అనుకుంటా, అమ్మ తలంటుకుంటాంటే, గూట్లో పెట్టిన ఉంగరం తీసి, పిన్నీసుతో ఆ మొగమంతా గీకేస్తి. కండ్లు, నోరు, ఏమీ మిగల్లేదు.

అమ్మ తెరిసి సూసె. కొట్టలేదు, తిట్టలేదు. తడి ఎంటికలతోనే నా పక్కన కూసోని, మెల్లగా అనె: "ఆ పిల్లోని కోసం కాదు పాపా. మన సిన్నోనికి పోటో లేదు. ఇద్దరూ ఒక ఏడాదిలోనే పుట్టినోళ్ళు. ఉండుంటే మనోనికీ ఇట్లే పండ్లు వచ్చుండునేమో, ఇట్లే నగుతాండునేమో అని సూసుకుంటాంటి. నాకు తెలిసింది వాని మూన్నెల్ల మొగమే కదా."

ఆ పొద్దు నుంచి అమ్మ మూత తెరవలేదు. ఉంగరం మాత్రం యేలికే ఉండె. అమ్మ పోయిన రోజు మా సిన్నాయన సబ్బు నురగ పూసి తీద్దామనె. నేను వద్దంటి. దాంతోనే మట్టి చేస్తిమి. ఇన్నేండ్లాయె, ఈ మాట ఎవరితో...

అదో, ఉయ్యాల్లో నీ బిడ్డ కదులుతాండాడు. పో తల్లీ, ఎత్తుకో. నేను యాడికి పోతా, ఈడే ఉంటా. నీ పాలు నీ బిడ్డకే దక్కనీ. సల్లగా ఉండండి ఇద్దరూ.