ఓడ కిరాయికి చాకిరి

లక్సెట్టిపేటలో ఇంటి ముందు టెంటు కింద తండ్రీకూతుళ్లు అంబులెన్సు కోసం ఎదురుచూస్తున్నారు. దుబాయిలో చనిపోయిన కొడుకును అందులో తెస్తున్నారు. రేపు ఆమెకు డిగ్రీ పరీక్ష.

"సదువు బిడ్డా, నేనింట. ఊకె కూసుంటె పానం ఆగుతలేదు."

"అమెరికా పాఠం బాపు. ఇంగ్లండు పేదోళ్లు ఓడ కిరాయికి ఏండ్లకేండ్లు చాకిరి రాసిచ్చి పోయిన్రట."

"మన పోరని లెక్కనే. గడువైనంక?"

"బతికినోళ్లు ఆడనే ఉన్నరు. వాళ్ల మునిమనుమలే ఇంగ్లండును కాదని, ఇది మా దేశమన్నరు."

"మనోళ్లను దుబాయిల అట్ల ఎవడు అననిస్తడు! మరి సచ్చినోళ్లు?"

"శానామంది సచ్చిన్రు. ఆడనే పూడ్చిన్రు."

"అయ్యో, ఆళ్ల అవ్వలకు ఆఖరి సూపు గూడ దక్కలే. మీ అవ్వకు కొడుకు మొకమన్న సూపెడ్తం."

"బాపూ... పెట్టె తెరవొద్దని ఫోన్ల చెప్పిన్రు."