బయటివైపు గడియ

1978 మార్చి 11, శనివారం, ఉదయం పదకొండు గంటలు. రాయగడ మేజిస్ట్రేటు గారి ఎదుట.

నా పేరు బొడ్డు ఏలీయా. వయసు అరవై ఎనిమిది. మిషను బడిలో గంట కొట్టేవాణ్ణి. ఇంగ్లీషు ఆ బడి కిటికీ బయట నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు అర్జీలు రాస్తాను, అందుకని అందరూ మేస్టారంటారు.

మొన్న గురువారం పది గంటలకు కొండమీది మాంగనీసు గనికి ఇద్దరు విదేశీయులు వచ్చారు. వాళ్ల దేశానికి పదేళ్లపాటు ఖనిజం అమ్మే ఒప్పందం మీద ఈ సోమవారం సంతకాలు కావాలి. ఖనిజాన్ని పరీక్షించే దొరకు మూడు రోజులిచ్చారు. పనివాళ్లను బలవంతాన ఉంచారా అని చూసే దొరసానికి అరగంట ఇచ్చారు. ఆమెకు దుబాసీని నేను.

కూలీల పాకల దగ్గర ఆమె ఆగింది. ప్రతి తలుపుకూ గడియ బయటివైపే ఉంది. ఎందుకని అడిగింది. నేను సోములు అనే కూలీని అడిగాను.

"రేత్రి మమ్మల్ని లోపలెట్టి గెడేసేత్తారు బావూ. పారిపోతామని."

నా వెనక గని మేస్త్రీ మల్లేశు నా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎండ లేదు, వాన లేదు.

"మేస్టారూ, మీ మనవరాలు దయావతమ్మ గుణుపూరు బస్సు ఒక్కర్తే ఎక్కుతాది కదేటి?" అన్నాడు.

నేను దొరసానితో, ఎలుగుబంట్ల కోసం అన్నాను.

ఇక్కడ ఎలుగులు లేవని కాదు. ముప్ఫై ఒకటిలో పొట్టంగి కొండల్లో ఒకటి మా పాదిరిగారి బూటు ఎత్తుకుపోయి... (విషయానికి రమ్మన్నారు. వస్తున్నాను.)

ఎలుగును ఆపాలంటే గడియ లోపల ఉండాలి. దొరసాని గడియను చూసింది, నన్ను చూసింది. ఎలుగుబంట్లు అని రాసుకుంది. నేను చూస్తుండగానే రాసుకుంది.

సోములు మాట దొరసానికి చేరలేదు. మల్లేశుకు చేరింది. నిన్న ఉదయం ఏడింటికి వెళ్తే పాక తలుపు బార్లా తీసి ఉంది. సోములు లేడు.

"ఊరెల్లేడని సెప్పమన్నారు బావూ," అంది అతని భార్య. ఆ మాటే మూడుసార్లు అంది.

సోమవారంలోగా నా అబద్ధం సంగతి దొరసానికి తెలియాలి. సోములును వెతికించాలి.

గొడుగు నేను గనిలోనే మరిచాను. ఈ ఉదయం మల్లేశు దాన్ని పట్టుకుని ఈ కోర్టు వరండాలో నిలబడ్డాడు. "గొడుగు మర్చిపోనారు మేస్టారూ," అన్నాడు. నేను తీసుకోలేదు. ఇంకా అక్కడే ఉన్నాడు.

దయావతిని వెంట తెచ్చుకున్నాను. మా ఇద్దరినీ రెండు రోజులు ఠాణాలో భద్రంగా ఉంచుతామన్నారు. ఆ గదికి గడియ ఎటువైపు ఉందని అడిగాను.

రాసింది చదివి వినిపించారు, విన్నాను. అన్నీ నేనన్న మాటలే. ఇందులో అబద్ధం ఎలుగుబంట్లు ఒక్కటే.

(సంతకం) బొడ్డు ఏలీయా