ఇంట్లో దాచిన గొంతు

(శంషాబాద్, 2012. బుచ్చయ్యకు గొంతులోని స్వరపేటిక తీసేసే ఆపరేషన్ రేపు. పాత కంప్యూటర్ ముందు అతనూ, కొడుకు జగదీశూ. వంటింట్లో బుచ్చయ్య భార్య సత్తెమ్మ.)

“మళ్ల చెప్పు బాపు. విమానం చప్పుడు పడ్డది.”

“ఇంకెన్నిసార్లురా? ‘నీళ్లు గావాలె.’ అయిందా?”

“అయింది. ఇగో, ఈ గ్లాసు బొమ్మ అంటిచ్చిన బటన్ వత్తు.”

“అరె! అచ్చం నా లెక్కనే అంటుందిరా.”

“నీ గొంతే కద. వంటింట్ల స్పీకర్ పెట్టిన. అమ్మకు ఆడికే వినిపిస్తది.”

“ఇంటర్నెట్ల పడి ఎవడన్న ఎత్కపోతె?”

“ఇంటర్నెట్ల లేదు బాపు. మనింట్లనే, ఈ డబ్బలనే ఉంటది. నెట్టు లేకున్న నడుస్తది. ఈ సాఫ్ట్‌వేర్ రాసినోళ్లు అందరికి పైసల్లేకుంట ఊకెనే ఇచ్చిండ్రు. నేను మనకు తగ్గట్టు మార్చుకున్న.”

“కరెంటు పోతె?”

“బ్యాటరీ ఉంది. మాట మార్చకు బాపు. ‘నొస్తుంది’ అను.”

“గా మాట వద్దు.”

“ఆపరేషన్ అయినంక నొస్తది బాపు.”

“నొస్తె నొస్తది. ఆమెకు వినిపించుడెందుకు?”

“మరెట్ల చెప్తవ్? నీకు రాసుడు రాదు, అమ్మకు సదువుడు రాదు. అందుకే కద ఇదంత.”

“...నొస్తుంది. పెట్టుకో.”

“భయమైతుందా బాపు?”

“అయితుంది. గొంతు పోతదని కాదురా. ఆమె ఒక్కతే మాట్లాడుకుంట తిరుగుతది ఇంట్ల.”

“అందుకే... ఇగ అమ్మను పిలిచేది పెడ్దాం. ఏమని పిలుస్తవ్?”

“పిలుసుడేంది? దగ్గుతె వస్తది.”

“దగ్గు గూడ మునుపటి లెక్క రాదన్నడు డాక్టరు.”

“దగ్గే పెట్టు మరి.”

“దగ్గెందుకు బాపు! పేరు పెట్టి పిలువు.”

“ఛీ, ఎన్నడన్న పిలిచిననా?”

“ఆరాంఘర్ చౌరస్తల ఆటో పెట్టి, రోడ్డు అవతలోళ్లను గూడ పిలుస్తుంటివి.”

“అదంటె ఆటో కిరాయిల కోసంరా. ఇంటామెను పేరు పెట్టి పిలుస్తె నవ్వరా?”

“ఎవరు నవ్వుతరు? రేపటి సంది పిలుద్దామన్న రాదు బాపు.”

“...మీ అమ్మ ఏం జేస్తుంది?”

“బియ్యం చెరుగుతుంది. పిలువు.”

“సత్తెమ్మ.”

“జర గట్టిగ.”

“సత్తెమ్మా! ...జర ఇటు రా, సత్తెమ్మా.”

“ఆఁ... వస్తున్న. వస్తున్నయ్యా.”

“అమ్మా, నిజంగ రమ్మని కాదే. రికార్డు చేస్తున్నం.”

“నన్నే కదరా పిలిచిండు?”

“అవునే. నిన్నే.”

“ఇన్నేండ్లకు పిలిచినవా అయ్యా...”

“ఏడ్వకమ్మా. మంచిగ వచ్చింది చూడు. దీనికి నీ ఫోటో పెడ్త. బాపు వత్తినప్పుడల్ల—”

“చెరిపెయ్ బిడ్డా.”

“అమ్మా! రేపటి సంది బాపు గొంతు ఉండదే!”

“ఎరుకే. నీళ్లు ఉంచు, నొప్పి ఉంచు. ఇది వద్దు. రోజు గదే మాట వినుకుంట పోతె, ఇయ్యాల ఈయన పిలిచింది ఏదో, మిషన్ పిలిచింది ఏదో నాకు తెల్వకుంట పోతది.”