పోలయ్య జాకీ ఎత్తిన కొండ

"జాకీ అంటే నాది జాకీ, ఓబులక్కా," అని మొదలుపెట్టినాడు పోలయ్య, బెంచీ మీద కాళ్లు చాపి. "నేను లారీ క్లీనరుగా ఉన్నప్పుడు మార్కాపురం పలకల రాయి లోడుతో పోతాంటే దోర్నాల ఘాటులో టైరు పగిలింది. డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఇదో, ఈ చిటికెన వేలితో రాడ్డు కొట్టినా. లోడు దించకుండానే లేచింది బండి!"

ఓబులమ్మ పాలు పొంగకుండా గరిటె తిప్పుతా వింటా ఉంది. రాచర్ల రోడ్డు పక్కన టీ దుకాణం పెట్టి ఇరవై ఏండ్లయినా జాకీని చూస్తే ఆమెకు ఇంకా వింతే. చూడబోతే సొరకాయంత లేదు. కడుపులో గ్లాసుడు నూనె. అది ఇంత బండిని ఎట్ల మోస్తుందో ఆ దేవుడికే ఎరుక.

ఇప్పుడు ఆ జాకీ ఆమె కళ్ల ముందరే, విజయ్ కుమార్ ట్రాలీ బండి కింద ఉంది. గిద్దలూరు సంతకు పది మేకలను వేసుకుని పోతాంటే దుకాణం ముందర వెనక టైరు పంచరయింది. ఎదురింటి పోలయ్య ఉరుక్కుంటా పోయి తన జాకీ తెచ్చి పెట్టినాడు. టైరు విప్పి చూస్తే లోపల, బండి బరువు మోసే కమాన్ పట్టీల బోల్టు కూడా వదులై ఉంది. కిందికి దూరి బిగించాల. మేకలను దించుదామని భార్య దయామణి అంటే విజయ్ కుమార్ వినలేదు. మళ్లీ ఎక్కించేసరికి సంత అయిపోతదన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు పోలయ్య.

"ఏమైంది మామా?" సంచిలో పానా వెతుక్కుంటా అడిగినాడు విజయ్ కుమార్.

"నా పేరు దొనకొండ దాకా పోయింది. స్టేషన్లో ఒకామె చెవికమ్మ జారి గూడ్సు బండి చక్రం కిందికి పోయింది. ఆమె ఒకటే ఏడుపు. సరేలే అని ఒక్క పెట్టె ఎత్తినా. పెట్టెలన్నీ ఒకదానికొకటి తగిలించి ఉంటాయి కదా? ఒకటి లేస్తే పక్కది, పక్కది లేస్తే దాని పక్కది... యాభై ఎనిమిది పెట్టెలూ పూలదండ ఎత్తినట్టు గాల్లోకి లేచినాయి!"

"ఇంజనో?" అంది దయామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇంజనూ పైన్నే. డ్రైవరుకు తాడు కట్టి టీ పంపినాము."

ఓబులమ్మకు నవ్వాగలేదు. నవ్వుతా నవ్వుతా బండి వైపు చూసింది. టైరు విప్పినప్పుడు దాని లోపలి ఇనప చక్రం నేలకు జానెడు పైన ఉన్నట్టు ఆమెకు గుర్తు. ఇప్పుడు జానెడు లేదు. నా చూపే మందగించిందేమో అనుకుంది.

"ఇదంతా ఏం లెక్క? నల్లమలలో కొండనే ఎత్తినా! రాచర్ల గొర్రెలోళ్లు ఎండకు మాడిపోతాన్నామని వచ్చి మొర పెట్టుకున్నారు. కొండ అంచుకు జాకీ పెట్టి తాటిచెట్టంత పైకి లేపినా. కింద, పుట్టినకాడి నుంచి ఎండ తగలని నేల! మూడు మందలు పోయి పండుకున్నాయి. తేనె తీసేవాళ్లు కొండ మీదికి పోదామంటే నిచ్చెన చాలలేదు. ఎండాకాలం మూడు నెలలూ కొండను అట్లనే నిలబెట్టినా, వెంట్రుకవాసి దిగలా!"

"కొండనే మోసిన జాకీకి నా బండి ఒక బరువా!" అంటా విజయ్ కుమార్ గోనెపట్ట పరుచుకుని, వెల్లకిలా పడుకుని, తల చక్రం దాకా జరిపినాడు.

"నాయనా, ఒక్క నిమిషం బయటికి రా," అంది ఓబులమ్మ. ఆమె గొంతులో నవ్వు పోయింది. "పోలన్నా, మూడు నెలలు దిగకుండా ఉండేదానికి దాంట్లో ఏం నూనె పోసినావు?"

"అడివిలో జాకీ ఆయిల్ యాడ దొరుకుతది? ఆముదం పోసినా. ఇప్పటికీ అదే!" అని మీసం దువ్వినాడు పోలయ్య.

ఓబులమ్మ పొయ్యి వదిలి వచ్చింది. వంగి చూస్తే జాకీ అడుగున మట్టి తడిసి మెరుస్తా ఉంది. వేలితో తీసి వాసన చూసింది. తలకు పెట్టుకునే ఆముదమే.

"ఇది కారతాంది, బండి దిగతాంది. లేయి నాయనా! పోలన్నా, నీకు అంత నమ్మకముంటే నీ రెండు కాళ్లూ ఆ చక్రం కింద పెట్టి చెప్పు మిగిలిన కథ."

పోలయ్య చక్రాన్ని చూసినాడు. తన కాళ్లను చూసుకున్నాడు. చాపిన కాళ్లు మెల్లగా ముడుచుకుని, "మోకాళ్ల నొప్పులక్కా..." అన్నాడు.

దయామణి మొగుడి చొక్కా పట్టుకుని బయటికి లాగింది. అంతలో గిద్దలూరు బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది. మేకలు పదీ ఎగిరిపడి ఒక పక్కకు తోసుకున్నాయి. జాకీ పక్కకు ఒరిగింది. బండి దభీమని కూలబడింది. గోనెపట్ట మీద, తల పెట్టిన చోటే, చక్రం మట్టిలో దిగబడింది.

దయామణి మొగుడి తలను రెండు చేతులా పట్టుకుని తడుముతానే ఉంది.

ఇంక విజయ్ కుమార్ ఎదురు చెప్పలేదు. మేకలను దించి కట్టేసినాడు. నిలిచి ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టినాడు. టీకి ఆగిన లారీ ఆయన తన జాకీ ఇచ్చి, దాని కింద మందపాటి చెక్క వేయించినాడు. బండి లేచినాక, ఓబులమ్మ పొయ్యిలోకి ఉంచుకున్న తుమ్మ మొద్దును ఇరుసు కింద తోయించి, ఊపి చూసి, అప్పుడు "ఊఁ, దూరు" అంది.

బోల్టు బిగుసుకుంది. పోలయ్య మళ్లీ బెంచీ మీద కాళ్లు చాపినాడు.

"ఏమన్నా అనక్కా, నా జాకీ సామాన్యమైంది కాదు. కింద మనిషి లేడని చూసుకుని మరీ దిగింది!"

ఓబులమ్మ అతని గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.

"నిజమే పోలన్నా. ఆ పాటి చూపు జాకీకి ఉంది. జాకీ గలాయనకే లేకపాయె."