పదికి మూడు

మనిషి పోయాక ఆ ఇంట్లో సామానంతా తీసి ఇల్లు ఖాళీ చేసిపెట్టే కంపెనీ అది. పని అయిన మూడో రోజున ఇంటివాళ్లకి ఫోన్ చేసి మార్కులు అడగడం ఆఫీసులో అమ్మాయి ఉద్యోగం. ఆ పొద్దున ఒకావిడ పదికి మూడు వేసింది.

“మూడేనా అమ్మా? సామానేమైనా పగిలిందా?”

“లేదు. ఒక్క గ్లాసు కూడా బీటలివ్వలేదు.”

“మావాళ్లు దురుసుగా మాట్లాడారా?”

“అబ్బే. అమ్మ ఫొటో దించేముందు నన్నడిగి మరీ దించారు.”

“పోనీ, ఆలస్యం చేశారా?”

“అదే చేయలేదు. పదింటికొచ్చారు, పన్నెండున్నరకల్లా ఊడ్చేసి తాళాలు నా చేతిలో పెట్టారు. అమ్మది నలభై ఏళ్ల సంసారం తల్లీ. కనీసం సాయంత్రందాకా పడుతుందనుకున్నాను.”

అమ్మాయి కాగితమంతా వెతికింది. అలాంటి కారణానికి అందులో గడి లేదు.

“ఐదుకి తగ్గితే మా మేస్త్రీకి వచ్చే వారం పనివ్వరమ్మా.”

“అయ్యో, అతన్నేమీ అనకండి! అతని పనికి పది వేసుకో. తృప్తిగా ఉన్నారా అని నువ్వడిగావు, నా సంగతి నేను చెప్పాను.”

అమ్మాయి మూడు కొట్టేసి పది వేసింది.

“ఇంకొక్క ప్రశ్నమ్మా. మళ్లీ అవసరమైతే మమ్మల్నే పిలుస్తారా?”

“నాకున్నది ఒక్క అమ్మేగా.”

ఫోన్ చేయాల్సిన నంబర్లు ఇంకా పదకొండు మిగిలి ఉన్నా, అమ్మాయి కాగితం పక్కకి జరిపింది.

“ముందు ఏ గది ఖాళీ చేశారమ్మా?”

“వంటిల్లు,” అందావిడ. “ఉండు, కూర్చుని చెప్తాను.”