ఎడంచేతి వెనకడుగు

అమలాపురం. వీరబాబు సెల్ రిపేరు షాపు. బండారులంక నుంచి వచ్చిన హేమ కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టింది.

"కాపీ కొట్టేనండి. కాదని చెప్పడానికి రాలేదు."

"ఆ మాట నా షాపుకొచ్చి మరీ చెబుతున్నావా? ఏం ధైర్యం అమ్మా నీది?"

"ధైర్యమేముంది వీరబాబు గారూ, ఉన్నమాటే. మీ గేములో కర్ర పట్టుకున్నవాడు ఒకడుగు వెనక్కేసి కొడతాడు. నా గేములో అమ్మాయి కూడా అచ్చం అలాగే కొడుతుంది. ఎవరో రెండూ పక్కపక్కన పెట్టి వీడియో చేసేరు. అందరూ చూసేరు."

"నేనూ చూసేను. నేనా గేము చేసేనాటికి నువ్వు స్కూలు పిల్లవి."

"ఆయ్. మా ఊరి ఇంటర్నెట్ సెంటర్లోకి పెన్‌డ్రైవులో వచ్చింది. స్కూలు వదిలితే అక్కడే ఉండేదాన్ని."

"అయితే ఇంకేం. తీసెయ్. నీ గేములోంచి ఆ అడుగు తీసెయ్, గొడవ వదిలిపోతుంది."

"తియ్యనండి."

"తియ్యవూ? నీ గేము విడుదల చేస్తామన్న హైదరాబాదు కంపెనీవాళ్ళు ఏమంటున్నారు మరి?"

"మిమ్మల్నే అడుగుతామన్నారు. మీకు అభ్యంతరం లేదంటే విడుదల చేస్తారు. ఉందంటే ఆ అడుగు తీసెయ్యాలి. ఇంకాసేపట్లో మీకు ఫోనొస్తుంది."

"అదీ సంగతి. ఫోనొచ్చేలోగా నన్ను బతిమాలుకుందామని వచ్చేవు."

"బతిమాలనండి. ఆ అడుగు తీసేస్తే నా గేములో ఏమీ మిగలదు. ఉద్యోగం మానేసి చేసేను దీన్ని. అయినా సరే, బతిమాలను."

"మరెందుకొచ్చినట్టు?"

"దెబ్బలాడ్డానికి."

"ఓహో. సరే, ఆ స్టూలు లాక్కుని కూర్చో. కూర్చునే దెబ్బలాడు."

"మీ గేములో పైన ఎర్రగీత ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా తరుగుతుంది. అది మీరు కనిపెట్టేరా?"

"ప్రాణం గీత లేని కొట్లాట గేము ఎక్కడుంది? అది అందరిదీను."

"కిందపడి దొర్లుతున్నప్పుడు దెబ్బ తగలకపోవడం?"

"అదీ అందరిదే."

"ప్రతి మజిలీ చివరా కొండంత కాపలావాడొకడు. వాడు కొట్టేముందు కత్తి తళుక్కుమంటుంది, మనం సర్దుకోడానికి. అదో?"

"అమ్మాయ్, అవన్నీ ఎప్పణ్ణించో ఉన్నవి. వాటికి సొంతదారులు లేరు."

"ఎందుకు లేరండి? అన్నీ ఎవరో ఒకరు మొదట చేసినవే. వాళ్ళ దగ్గర ఇంకొకరు లాగేరు, ఆ ఇంకొకరి దగ్గర మీరు లాగేరు. మీరు ఎవర్నడిగి తీసుకున్నారు?"

"ఎవర్నడగను? వాళ్ళంతా ఎక్కడో జపానులో ఉంటే."

"దూరంగా ఉన్నోళ్ళవి ఊరికే తీసుకోవచ్చు. మీవి మాత్రం..."

"నేను జపానులో లేనుగా. బండారులంకలో ఆటో ఎక్కితే నా షాపు ముందు దిగుతావు. పక్కనే ఉన్నవాణ్ణి ఒక్కమాట అడగడం మర్యాద కాదూ?"

"...అదొక్కటీ నా తప్పేనండి. అడిగితే వద్దంటారని భయమేసింది."

"వద్దనేవాణ్ణే."

"చూసేరా మరి."

"ఏం చూసేది? మీది నేతగాళ్ళ ఊరేగా, మీ నాన్న మగ్గం మీద కొత్త అంచు వేసేడనుకో. పక్కింటోళ్ళు అదే అంచు నేసి అమ్మేసుకుంటే ఊరుకుంటాడా?"

"ఊరుకోడండి. నాల్రోజులు వాళ్ళతో మాటలుండవు. కోర్టుకైతే వెళ్ళడు. ఆ కోపమ్మీద ఇంకో అంచు మొదలెడతాడు."

"నేను మీ నాన్నంత మంచోణ్ణి కాదు."

"అసలా అడుగు మీదని ఎందుకంటున్నారండి? దసరాకి మన వీధుల్లో తాలింఖానా తిప్పుతారు, కర్రలూ కత్తులూ. ఆ అడుగు వాళ్ళది. మీరు వాళ్ళ దగ్గర తీసుకున్నారు, నేనూ వాళ్ళ దగ్గరే తీసుకున్నాననొచ్చు కదా?"

"అనలేవు. అక్కడే దొరికిపోయేవు నువ్వు."

"ఎలాగండి?"

"నీ గేములో ఆ పిల్ల కర్ర ఏ చేత్తో పట్టుకుంది?"

"ఎడంచేత్తో."

"మా వీధిలో కర్ర తిప్పడం నేర్పిన గురువుగారు కుడిచేత్తో నేర్పేరు. నేను తిప్పిందీ కుడిచేత్తోనే. గేము కోసం ఫోను ఎదురుగా పెట్టుకుని, నాకు నేను కనబడాలని ముందు కెమెరాతో తీసుకున్నాను. ఆ పాత ఫోనులో అద్దంలోలా కుడి ఎడమైపోయింది. నేను చూసుకోలేదు. ఆ వీడియో చూసే బొమ్మలన్నీ గీసేసేను. తీరా ఆడిస్తే దెబ్బ కుదర్లేదు, అందుకని వెనకడుగు కలిపేను."

"అంటే... ఎడంచెయ్యి మీరు కావాలని చెయ్యలేదా?"

"కావాలని ఎవడు చేస్తాడమ్మా? గేము అయ్యేక పట్టుకెళ్ళి గురువుగారికి చూపించేను. అంతమంది శిష్యుల మధ్య కూర్చుని, నేను నీకు ఎడంచేత్తో నేర్పేనా అనడిగేరు. అందరూ నవ్వేరు. ఆరోజు నుంచీ గేము జోలికి పోలేదు. ఇదిగో, ఈ ఫోన్లు బాగుచేసుకుంటున్నాను."

"నవ్వితే మానేసేరా?"

"నీకేం తెలుసు? నా తప్పు నాకు తెలుసు. ఇన్నాళ్ళకి అందరూ మర్చిపోయేరు. ఇప్పుడు నువ్వు దాన్ని తెచ్చి మళ్ళీ ఊరేగిస్తున్నావు. అందుకే తీసెయ్యమంటున్నాను. డబ్బు కోసం అనుకున్నావా?"

"తప్పెలా అవుతుందండి? ఇద్దరూ కుడిచేత్తో పట్టుకుంటే కర్రకి కర్ర అడ్డం పడుతుంది, అంతే. మీవాడు ఎడంచేత్తో పట్టేడు కాబట్టి ఎదుటివాడి కత్తీ మన కర్రా ఒకే పక్కకొచ్చేయి. ఇక నిలబడ్డచోట నిలబడి కొట్టలేడు. అందుకే వెనకడుగు. ఇందాక వాళ్ళదన్నాను గానీ, ఆ అడుగు మీ తాలింఖానాలో లేదండి. దేశంలో ఏ గేములోనూ నాకు కనబడలేదు. మీ తప్పులోంచి పుట్టింది."

"ఊరుకో. నన్ను మెచ్చుకుని పని జరిపించుకుందామనా?"

"దెబ్బలాడ్డానికొచ్చేనని ముందే చెప్పేను. మీరు నా గేము ఆడేరా?"

"వీడియో చూసేను."

"వీడియో చూసే తీసెయ్యమన్నారు. ఆడండి. ఆడేక అనండి."

"నాకిప్పుడు ఆటలేంటి?"

"భయమాండి?"

"ఇటివ్వు. ఏదీ, కొట్టే బటన్ ఏది?"

"ఇది కొట్టడానికి. ఇది అడుగు వెనక్కెయ్యడానికి. సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు మీద పడతారు. గోదారి మధ్యలో ఉంటుంది, పంటు ఊగుతుంది, చూసుకోండి."

"పంటు మీదా? బైకులు కూడా పెట్టేవే. ఆ ఎదర పొడుగ్గా ఉన్నవాడేనా కాపలావాడు?"

"ఆయ్, వాడే."

"వీణ్ణి కొట్టడానికి నువ్వు నేర్పాలా? అడుగు వెనక్కి... అరె, వీడు ముందుకొచ్చేసేడే."

"మీ అడుగు వాడికి తెలుసండి."

"తెలియడమేంటి?"

"మీ గేము ఆడినవాళ్ళందరికీ ఆ అడుగు వచ్చుకదా. అదొక్కటే పెడితే కాపీ. అందుకని అది తెలిసిన శత్రువుని పెట్టేను. మీరు వెనక్కేస్తే వాడు మీదకొస్తాడు."

"చచ్చిపోయేను. ఉండు, ఇంకోసారి... మళ్ళీ పోయేను. వీణ్ణి ఎవడూ కొట్టలేడు. తప్పు చేసేవు, దారే లేదు."

"ఉందండి. వెనకడుగు బటన్ వదలకండి. నొక్కే ఉంచండి."

"ఉంచేను... అదేంటి? కర్రేది?"

"వీపు వెనకనుంచి కుడిచేతికి మారింది. ఇప్పుడు కొట్టండి."

"పడ్డాడు. ఆగాగు, మళ్ళీ మొదలెట్టు. చెయ్యి మారడం సరిగ్గా చూడలేదు."

"చూడండి."

"ఇది... ఇది ఎక్కణ్ణించి ఎత్తుకొచ్చేవు?"

"ఎక్కణ్ణించీ కాదండి. మీ ఎడంచెయ్యి ఇరుక్కుపోయింది. విడిపించబోతే వచ్చింది."

"గురువుగారు చూస్తే..."

"నవ్వితే నవ్వనివ్వండి. నేను మానను. కంపెనీ కాదంటే మానేస్తానా? పెన్‌డ్రైవులో పెట్టి పంచుతాను, మీలాగే. మీరు మాత్రం ఫోనులో నిజం చెప్పండి చాలు. అడుగు మీది. చెయ్యి మార్పు నాది."

"మోగుతోంది. హైదరాబాదు నంబరే."

"ఎత్తండి."

"ఆయ్, వీరబాబునేనండి... చూసేనండి, ఇప్పుడే ఆడేను కూడాను... ఆ అడుగు నాదేనండి... కాపీయే. పిల్ల కూడా ఒప్పుకుంది, నా ఎదురుగానే ఉంది... అబ్బే, తీసెయ్యక్కర్లేదు, ఉంచమనండి... డబ్బులేం వద్దండి. ఒక్క సంగతుంది. నేను మళ్ళీ గేము మొదలెడుతున్నాను. అందులోకి ఈ పిల్ల చెయ్యి మార్పు ఎత్తుకెళ్ళిపోతున్నాను. తనకేమన్నా అభ్యంతరమేమో మీరే కనుక్కోండి, నేను మాత్రం అడగను."