శనివారం వెలిగే లైటు

తమిళనాట అన్నూరు రోడ్డు మీద కార్లు బాగుచేసే షెడ్డు. నడిపేది అక్క కార్తీక, తమ్ముడు ముకుంద్. కారు తెచ్చిన టీచరు యువరాణితో వాళ్ళ మాటలు తమిళంలో, వాటిని ఇక్కడ పుస్తకం తెలుగులో రాశాను. అక్కాతమ్ముళ్ళు తమలో తాము మాట్లాడుకునేది ఇంటి తెలుగు.

"మళ్ళీ అదే లైటా మేడం?"

"అదేనండీ. పసుపుపచ్చగా, ఇంజను బొమ్మ. పొద్దున్న బండి తీయగానే వెలిగింది. స్కూల్లో పిల్లలు కూడా, టీచర్, మీ కారుకు వారం వారం జ్వరమా అంటున్నారు."

"మూడు శనివారాలుగా ఇదే. నాకే సిగ్గుగా ఉంది మేడం. అక్కా, స్కానరు ఎత్తుకురా."

"తెచ్చినా, పెట్టినా, చూసినా. అదే కోడు రా ముకుందూ. ఆక్సిజన్ సెన్సారు."

"ఎట్లక్కా? పాతది మసిబట్టి చచ్చి ఉండె. బండి పెట్రోలు తాగతా ఉండె. తుప్పుకు ఆయిలు కొట్టి, ఇరవైరెండు స్పానరు పెట్టి, చెయ్యి కాల్చుకొని దాన్ని తీసినా. కొత్తది బిగించినా. బండి బాగా పోయె. మళ్ళీ ఏమిటికి వస్తాది?"

"చెయ్యి ఊరికే కాలిందా? ఆ పిల్లను చూసుకుంటా పోయి సైలెన్సరు పట్టుకుంటివి."

"అక్కా, మెల్లగా!"

"ఏమిటికి మెల్లగా? ఆమెకు తెలుగు తెల్సునా? అరవ పిల్ల."

"ఏమంటున్నారు మీ అక్క?"

"ఏం లేదు మేడం. స్పేరు గురించి."

"అంత నవ్వొచ్చే స్పేరా?"

"అంటే... కొత్త సెన్సారే చెడ్డదేమో అని. ఇంకొకటి ఉంది. ఇది తీసేసి అది బిగిస్తాను."

"ఏనుంగ, కొత్తది వద్దండీ!"

"మీ మీద భారం లేదు మేడం. తప్పు నాది."

"మీది కాదు! అంటే, ఎవరిదీ కాదు. ఇదే బాగుంది... బాగుండొచ్చు."

"ఒరేయ్, ఆ డబ్బా మూసి ఇట్ల రా. టార్చి కొట్టు. సెన్సారు వైరు ప్లగ్గు చూడు, ఊడి ఉండాది."

"పోయిన వారమూ ఊడే ఉండె. నొక్కి పంపిస్తిని. రోడ్డు గుంటల్లో ఎగిరెగిరి..."

"లాకు ఉండే ప్లగ్గు రా అది. బొటనవేలితో నొక్కి పట్టుకొని లాగితేనే వస్తాది. అన్నూరు గుంటలకు బొటనవేలు ఉండాదా?"

"అయితే ఎవరు నొక్కిరి?"

"లాకు మీద ఏమో అంటుకొని ఉండాదే, ఏమది?"

"ఎర్రగా ఉండాది. పెయింటు."

"నెయిల్ పాలిష్ రా, మొద్దూ! పోయి ఆమె చెయ్యి చూడు."

"మేడం, మీ చెయ్యి... అంటే, టైము ఎంతైంది?"

"వాచీ పెట్టుకోలేదండీ."

"చెయ్యి వెనక్కి పెట్టుకున్నారే?"

"ఊరికే."

"చూస్తివా? షెడ్డుకు వచ్చేవాళ్ళు అందరూ నిన్ను అన్నా అంటారు. ఈమె ఒక్కతే ఏనుంగ అంటాది, ఎదురింటి అక్క మొగుణ్ణి పిలిచే మాదిరి."

"అక్కా, నాకు తల తిరగతా ఉండాది."

"తిరగనీ. మొదటి దినం నువ్వు ఏమంటివి? ఇక్కడే నిలబడి, ఈ లైటు దినమూ వెలిగితే ఎంత బాగుండు అంటివా లేదా? వెలిగింది గదా. అడుగు."

"అడిగి? అవ్వ సంగతి నీకు తెలవదా? వచ్చే పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడాల, లేకుంటే పచ్చినీళ్ళు ముట్టను అంటాది. ఆ రంగమ్మాళ్ అవ్వతో పోరాడేకి నా చేత కాదు. ఈమెను విడిచి ఇంకొకరిని చూసేకీ నా చేత కాదు."

"ఏనుంగ, కొంచెం త్వరగా చూడండి. రేపు నన్ను చూడడానికి పళని నుంచి అబ్బాయి వాళ్ళు వస్తున్నారు. ఆ తర్వాత ఈ కారు ఇటు వస్తుందో రాదో."

"పళనియా?"

"స్పానరు కాలి మీద వేసుకుంటివి రా!"

"నొప్పి లేదక్కా. పళని అంటాదే!"

"అందుకే ఇప్పుడే అడుగు."

"ఏ భాషలో అడిగేది? అరవంలో అడిగితే అవ్వకు కోపం. తెలుగులో అడిగితే ఈమెకు తెలవదు."

"ముందు తెలుగులో అడిగి చూసుకో, ప్రాక్టీసుకు. నోరు తిరగతాది, ధైర్యం వస్తాది. ఆమెకు ఏం తెలవబోతాది?"

"ప్రాక్టీసే గదా?"

"ప్రాక్టీసే."

"నువ్వు నవ్వకూడదు."

"నవ్వను. అడుగు."

"యువరాణీ, ఆ పళని వాళ్ళను రావద్దని చెప్పు. నువ్వు రాని శనివారం నాకు వద్దు. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"బాగుండాది. ఇంకోసారి, బానెట్టును కాకుండా ఆమెను చూసి."

"యువరాణీ, నన్ను పెండ్లి..."

"ఒకసారి చాలండీ. దినమూ వెలిగించేకి నాకు స్కూలు ఉండాది, అందుకే శనివారం శనివారం ప్లగ్గు పీకతా ఉండా. మీ అవ్వ ఇంట్లో ఉండారా?"